ముందు ర్యామ్ సంగతి తేల్చండి, ప్రాసెసర్ జోలికి తర్వాత వెళ్లొచ్చు

"ప్రాసెసర్, ర్యామ్ రెండూ కాలిపోకుండా ఓవర్‌క్లాక్ చేయడం ఎలా?" అని అడిగారు. ఓవర్‌క్లాక్ అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడులో నడపడం. వేడికి కాలిపోతుందేమోనని అంత టెన్షన్ అక్కర్లేదండి. ఇప్పటి ప్రాసెసర్లు బాగా వేడెక్కితే వాటంతట అవే స్పీడు తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే సిస్టమ్‌నే ఆపేస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. సిస్టమ్ చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం మీ ఫైళ్లు ఒక్కొక్కటీ పాడవుతుంటాయి. ఆ పని ఎక్కువగా ర్యామ్ చేస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను.

మా తమ్ముడి సిస్టమ్‌లో డీడీఆర్4 రకం ర్యామ్ కిట్ ఉంది, స్పీడు 3600. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ ముందే నింపి ఇచ్చే స్పీడు సెట్టింగులు) ఆన్ చేసి వదిలేస్తే సరిపోయేది. వాడు ఏదో వీడియో చూసి బయాస్‌లో (సిస్టమ్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) టీఆర్ఈఎఫ్ఐ అనే ర్యామ్ విలువను 65535కి పెంచాడు. గేముల్లో నాలుగు ఫ్రేములు ఎక్కువ వచ్చాయి, ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ కూడా ఆగకుండా నడిచింది. "రాక్ స్టేబుల్ అన్నా" అంటూ నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. కొన్నాళ్లకు ఒక పెద్ద జిప్ ఫైల్ విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా సరిపోలడం లేదనే హెచ్చరిక) వస్తోందని ఫోన్ చేశాడు. డౌన్‌లోడ్ సరిగా కాలేదేమోనని మళ్లీ దించుకున్నాడట, మళ్లీ అదే గొడవ.

వెళ్లి పక్కన కూర్చుని, అదే జిప్‌ను వరసగా విప్పించాను. ఒకసారి ఒక ఫైల్ దగ్గర ఎర్రర్, తర్వాత ఇంకో ఫైల్ దగ్గర, మధ్యలో ఒకసారి శుభ్రంగా పూర్తయింది కూడా. జిప్ ఫైలే పాడై ఉంటే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. చోటు మారుతోందంటే నా అనుమానం ముందు ర్యామ్ మీదికే పోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్టు నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. వాడు "చూశావా" అన్నట్టు మొహం పెట్టాడు. అప్పుడు వాడిచేత గేమ్ ఆడించి, గ్రాఫిక్స్ కార్డ్ బాగా వేడి మీదున్నప్పుడు విండోస్‌లోనే టెస్ట్‌మెమ్5 అనే ఇంకో ర్యామ్ టెస్టు పెట్టాను. ర్యామ్ 50 డిగ్రీలు దాటిందో లేదో, ఎర్రర్లు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి.

కారణం చాలా సూటిగా ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో చార్జ్‌గా ఉంటుంది. చిల్లుకుండలో నీళ్లలా అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి మెమొరీ కంట్రోలర్ మళ్లీ మళ్లీ నింపాలి. మామూలుగా డీడీఆర్4లో ప్రతి 7.8 మైక్రోసెకన్లకూ ఒక రిఫ్రెష్ కమాండ్ వెళ్తుంది. ఆ వ్యవధిని ర్యామ్ క్లాకుల్లో చెప్పేదే టీఆర్ఈఎఫ్ఐ, 3600 స్పీడులో అది 14 వేల చిల్లర క్లాకులు. దాన్ని 65535 చేస్తే రిఫ్రెష్‌కీ రిఫ్రెష్‌కీ మధ్య 36 మైక్రోసెకన్లు పడుతుంది. చల్లగా ఉన్నంతసేపూ చార్జ్ నిలుస్తుంది. వేడెక్కితే త్వరగా కారిపోతుంది, బిట్ మారిపోతుంది. గ్రాఫిక్స్ కార్డ్ వదిలే వేడిగాలి నేరుగా ర్యామ్ మీదికే కొడుతుంటే చల్లటి సిస్టమ్‌లో చేసిన టెస్టుకు విలువేముంది చెప్పండి?

జిప్‌లో చెకింగ్ ఉంటుంది కాబట్టి అది అరిచి చెప్పింది. ఫొటోలు అరవవు. ఆ నెలల్లోనే వాడు పాత డిస్క్‌లోని ఫొటోలన్నీ కొత్త డిస్క్‌లోకి మార్చి, పాతదాన్ని ఫార్మాట్ చేసేశాడు. తర్వాత తెరిచి చూస్తే మా నానమ్మ ఫొటో ఒకటి నుదుటి దాకా బాగానే ఉంది, కళ్ల దగ్గర్నుంచి కిందికంతా ఆకుపచ్చ చారలు. అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి వేరే కాపీ లేదు. రెండు ప్రాసెసర్లు కాలిపోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అందుకే నా వరస ఇది. మొదట ముఖ్యమైన ఫైళ్లన్నీ బ్యాకప్ తీసి, ఆ డిస్క్‌ను సిస్టమ్ నుంచి పీకి పక్కన పెట్టండి. ప్రాసెసర్‌ను ముట్టుకోకుండా ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ గానీ, ఏఎండీ బోర్డు మీద డీడీఆర్5 అయితే ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి. ఇది కూడా ఓవర్‌క్లాకే. డీడీఆర్4 మామూలు వోల్టేజ్ 1.2, చాలా 3600 కిట్లు ఎక్స్‌ఎంపీలో 1.35 తీసుకుంటాయి. రాత్రంతా మెమ్‌టెస్ట్86, తర్వాత నేను చెప్పినట్టు గ్రాఫిక్స్ కార్డ్ వేడి మీదుండగా ఇంకో టెస్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలైనట్టే, "ఒక్కటే కదా" అనుకోవద్దు. నాలుగు స్టిక్కులు వేసుంటే స్పీడు మీద ఆశ తగ్గించుకోండి, రెండింటితో వచ్చేంత రాదు. టైమింగులు (టీఆర్ఈఎఫ్ఐ లాంటి ర్యామ్ విలువలు) మార్చాలని ఉంటే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చే ముందు బయాస్ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బూట్ కాకపోతే సీమాస్ క్లియర్ చేస్తే (బయాస్ సెట్టింగులు చెరిపేస్తే) మళ్లీ మొదటికి వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

నాకు ఒళ్లు మండేది మదర్‌బోర్డులు తామే ఎంచుకునే "ఆటో" వోల్టేజ్‌తో. 2023లో ఎక్స్‌పో ఆన్ చేసినవాళ్ల రైజెన్ 7000 ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాయి. ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమొరీ కంట్రోలర్ ఉండే భాగానికి వెళ్లేది) మరీ ఎక్కువగా వెళ్తుండటంతో ఏఎండీ దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ కూడా అధిక వోల్టేజ్‌దే. ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకూ ఆ తిప్పలు తప్పలేదు, చివరికి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) మార్చి, వారంటీ రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. వేడి సంగతి ప్రాసెసర్ చూసుకుంటుంది, వోల్టేజ్ సంగతి మీరే చూసుకోవాలి. ఆటోలో వదలకండి, అంకె మీరే వేయండి. వీడియోలో ఎవరో వేసిన అంకె మాత్రం వద్దు. ఒకే మోడల్‌లో కూడా ఏ చిప్ తీరు దానిదే.

ఇక ప్రాసెసర్. ఇంటెల్‌లో మల్టిప్లయర్ (ప్రాసెసర్ స్పీడును నిర్ణయించే అంకె) పెంచాలంటే మామూలుగా కే రకం ప్రాసెసర్, జెడ్ చిప్‌సెట్ బోర్డు ఉండాలి. ఏఎండీ రైజెన్లు చాలావరకు అన్‌లాక్ అయ్యే (స్పీడు మార్చుకునే వీలుతోనే) వస్తాయి, బోర్డు బీ లేదా ఎక్స్ రకం అయితే చాలు. విద్యుత్ ఖర్చు వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.20 నుంచి 1.32కి వెళ్తే క్లాక్ పెంచకముందే 21 శాతం ఎక్కువ. ఆ చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం అంత వేడి భరించడం నాకైతే దండగ. అదే క్లాక్‌ను తక్కువ వోల్టేజ్‌తో నడపగలిగితే ఇప్పటి ప్రాసెసర్లు మిగిలిన జాగాలో తామే బూస్ట్ స్పీడు పెంచుకుంటాయి, రైజెన్‌లో వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్ ఉన్నది అందుకే. పరీక్షకు ప్రైమ్95 గానీ ఓసీసీటీ గానీ వాడండి. వోల్టేజ్ తగ్గించినప్పుడు లోడ్‌లో బాగుండి, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యే రోగం కూడా ఉంది, అందుకని ఊరికే ఆన్‌లో వదిలేసి కూడా చూడండి. క్రాష్ కాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ ఎర్రర్లు (హార్డ్‌వేర్ తప్పుల నమోదు) పడుతున్నాయంటే ఒక మెట్టు దిగండి.

బయాస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా ర్యామ్ టెస్టు మళ్లీ మొదటి నుంచి పెట్టండి. మీ సెట్టింగులు పోవచ్చు, పోకపోయినా ఆటోలో వదిలిన టైమింగులు కొత్త వెర్షన్‌లో వేరేగా రావచ్చు.