చాప దులిపిందంటే అయిపోయినట్టే

తమ్ముడూ,

నీ బుర్రకథ స్క్రిప్ట్ రెండుసార్లు చదివా. ప్రతి పాట పక్కనా రాగం, తాళం రాసిపెట్టావు, మోహన, హిందోళం, ఒకచోట ఏకంగా రాగమాలికే. ముచ్చటేసింది, కాదనను. కానీ మొత్తం పదిహేడు పేజీల్లో హాస్యపు వంతకి, అదే కథకుడి పక్కన నిలబడి జనాన్ని నవ్వించేవాడికి, ఎన్ని మాటలొచ్చాయో లెక్కపెడితే నాలుగు తేలాయి, రెండు "ఆహా"లు, రెండు "తర్వాతేమైంది"లు. పాపం అతన్ని తీసుకెళ్ళేది గుమ్మెట మోయించడానికా?

నీ వయసులో నేనూ ఇదే చేశాన్లే. నా మొదటి కథ, శ్రీరామనవమి పందిట్లో. మా కథకుడికి మంచి సంగీతం ఉంది, అందుకని సరిగ్గా యుద్ధానికి ముందు కల్యాణిలో పది నిమిషాల ఆలాపన పెట్టించా, అది కథ కోసం కాదు, నా గొప్ప కోసం. ఒక్క స్వరం తప్పలేదు. ముందు పిల్లలు లేచారు, తర్వాత ముందు వరసలో ఓ ముసలామె లేచి చాప దులిపింది, ఆ దుమ్ము ట్యూబ్‌లైట్ కింద తేలుతూ ఉండటం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. పందిట్లో ఒకళ్ళు చాప దులిపారంటే అయిపోయినట్టే, వెనకాలే పదిమంది లేస్తారు. అప్పుడు మా హాస్యపు వంత ఎవర్నీ అడక్కుండా గుమ్మెట మీద ఒక్క దెబ్బేసి "అయ్యా, శత్రువులు ఊరి పొలిమేరకొచ్చేశారు, తమరా పాట ముగిస్తే మేం పారిపోవడమో పోట్లాడటమో ఏదో ఒకటి చేసుకుంటాం" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. ముసలామె మళ్ళీ చాప పరిచింది. నేను మాత్రం అతనితో నెలరోజులు మాట్లాడలా, అంత పొగరు నాకు.

సంగీతం వద్దంటున్నానని అనుకునేవు, అది కాదు. బుర్రకథకి పెట్టింది పేరైన షేక్ నాజర్ గారు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషే, కానీ పల్నాటి యుద్ధం చెబుతుంటే జనానికి వినిపించింది పల్నాడు, ఆయన సాధన కాదు. అప్పట్లో మద్రాసు సర్కారూ, నిజాం సర్కారూ బుర్రకథని నిషేధించాయంటే రాగాలకి భయపడి కాదు కదా, జనం తెల్లార్లూ కూర్చుని వింటున్నారని. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు, సరే, అది తర్వాతి సంగతి.

మరి పద్యనాటకాల్లో రాగం తీస్తే వన్స్‌మోర్లు కొట్టేవాళ్ళు కదా అంటావు. కొట్టేవాళ్ళు, ఎందుకంటే అక్కడ జనం వచ్చిందే దానికోసం. నాటకాల్లో పద్యాలు పాడే నటుడు రఘురామయ్య గారు నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని ఈలగా వాయించేవారు, ఏ సంగీతం మాస్టారూ నేర్పే విద్య కాదది, కానీ జనం ఆయన ఇంటిపేరు మర్చిపోయి ఈలపాట రఘురామయ్య అనే పిలిచారు. ఎవరు దేనికోసం వచ్చారో తెలుసుకోవడమే అసలు పని, ఇది నాకు అర్థమవడానికి పదేళ్ళు పట్టింది.

నీ స్క్రిప్ట్‌లో ఆరో పేజీ చూడు, తల్లి కొడుక్కి వీరతిలకం దిద్దే చోటు. బంగారం లాంటి ఘట్టం. అక్కడ నువ్వు పన్నెండు లైన్ల పాట పెట్టావు, పైగా సమాసాలు. నాలుగు లైన్లు చాలు, ఆమె వేలు వణికిందని ఒక్క మాట చెప్పించి తంబురా ఆపించెయ్, అందెల చప్పుడు కూడా వద్దు. ఆడవాళ్ళు కొంగు కళ్ళకద్దుకునే టైమివ్వు. ఆ వెంటనే నవ్వించకు, ఒక చరణం పోనిచ్చి అప్పుడు వంతని దింపు. ఇంకోటి, కథకుడికి రెండో పక్కనుండే రాజకీయపు వంత చేత మొత్తం నువ్వే మాట్లాడించకు, రెండు చోట్ల ఖాళీ వదిలెయ్, ఆ ఊళ్ళో బోరు పాడైందనో రోడ్డు వెయ్యలేదనో అతనే పట్టుకొచ్చి కలుపుతాడు, నీ పాట మొత్తం మీద పడని చప్పట్లు దానికి పడతాయి, బాధపడకు.

మళ్ళీ రాశాక నాకు పంపకు. మీ నాయనమ్మకి రాత్రి అన్నాలయ్యాక చదివి వినిపించు, ఆవిడ ఏ పేజీ దగ్గర "పడుకుందాం లేరా" అందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ పేజీ ఒక్కటే ఫోటో తీసి పంపు.

మీ అన్న