గొల్గొతా ఏ భాష మాట?

సందేహం: బైబిలు చరిత్ర మీద వచ్చిన ఒక వ్యాస సంపుటికి ప్రూఫులు చూస్తున్నాను. యోహాను సువార్త 19వ అధ్యాయంలో గబ్బతా (పిలాతు తీర్పు చెప్పిన చోటు), గొల్గొతా (యేసును సిలువ వేసిన ‘కపాల స్థలం’) అనేవి హెబ్రీ పేర్లని ఉంది. వ్యాసకర్త మాత్రం వాటిని అరామిక్ అంటున్నారు. ఎవరిది తప్పు? హెబ్రీ, హీబ్రూ, సిరియా భాష, అరామిక్ – వీటిలో ఏది వాడాలి?

సమాధానం: అరామిక్ హెబ్రీకి దగ్గరి చుట్టమైన ప్రాచీన భాష. మాటల రూపం చూస్తే వ్యాసకర్త చెప్పిందే సరి. ‘ఫలానాది’ అని నిర్దేశించడానికి అరామిక్‌లో నామవాచకం చివర ‘ఆ’ చేరుతుంది. హెబ్రీలో ఆ పని మాట ముందు వచ్చే ‘హ’ చేస్తుంది. పుర్రెను హెబ్రీలో గుల్గోలెత్ అంటారు, అరామిక్‌లో గుల్గుల్తా. గొల్గొతా ఈ రెండోదాని పోలికే. కొడుకు హెబ్రీలో బెన్, అరామిక్‌లో బర్. బర్తిమయి, బర్తొలొమయి, బరబ్బ పేర్ల మొదట ఉన్నది ఈ ‘బర్’.

అలాగని సువార్తలో తప్పుందని దిద్దబోకండి. గ్రీకు మూలంలోనే ‘హెబ్రయిస్తి’ (హెబ్రీలో) అని ఉంది, తెలుగు అనువాదకులు ఉన్నది ఉన్నట్టు దించారు. గ్రీకు పాఠకులకు చెబుతున్నప్పుడు హెబ్రీయుల నోట వినిపించేదంతా హెబ్రీయే. జనం పేరు భాషకు అంటుకోవడం మనకూ తెలిసిందే. ఆంధ్రం అన్న మాట మొదట ఒక జనానిది, తర్వాతే భాషది.

అయితే పాత నిబంధనలో ఈ రెండు భాషలకూ మధ్య గీత స్పష్టంగానే ఉంది. రాజులు రెండవ గ్రంథం 18వ అధ్యాయం తీయండి. క్రీ.పూ. 701. అష్షూరు రాజు సన్హెరీబు పంపిన రబ్షాకే యెరూషలేము ప్రాకారం ముందు నిలబడి బెదిరిస్తున్నాడు. యూదా రాజు హిజ్కియా కొలువు నుంచి వచ్చిన ఎల్యాకీము, షెబ్నా, యోవాహు అతన్ని బతిమాలుకుంటారు: మాకు సిరియా భాష తెలుసు, అందులోనే మాట్లాడు, గోడమీద ఉన్న జనం వినేలా యూదుల భాషలో వద్దు అని. రబ్షాకే వింటాడా? జనానికి అర్థం కావాలనే కదా వచ్చింది! గొంతు పెంచి యూదుల భాషలోనే కేకలు వేశాడు. ఇక్కడ సిరియా భాష అంటే అరామిక్, యూదుల భాష అంటే హెబ్రీ. అంటే ఆనాటికి అరామిక్ రాయబారులకు, అధికారులకు తెలిసిన భాష, వీధిలో జనానికి తెలియనిది.

తర్వాత పరిస్థితి తారుమారైంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూదులు బబులోను చెరకు పోయారు. ఆపైన పారసీక సామ్రాజ్యం ఐగుప్తు దాకా తన ఉత్తర ప్రత్యుత్తరాలకు అరామిక్‌నే వాడింది. ఎజ్రా గ్రంథంలో రాజుకు రాసిన లేఖలు, దానియేలు 2వ అధ్యాయం 4వ వచనం నుంచి 7వ అధ్యాయం చివరి దాకా అరామిక్‌లోనే ఉన్నాయి. క్రీస్తు కాలానికి గలిలయలో, యూదయలో ఇంటింటా వినిపించే భాష అదే. ‘నా దేవా, నన్నెందుకు విడిచావు’ అన్న యేసు సిలువ మీది కేక చూడండి. కీర్తనలు 22లో ‘విడిచావు’ అనే చోట హెబ్రీ క్రియ ‘అజబ్తానీ’. సువార్తల్లో ఉన్నది ‘సబక్తానీ’, అది అరామిక్. ‘నా దేవా’ అనే మాటను మార్కు ‘ఎలోయీ’ అని, మత్తయి ‘ఏలీ’ అని రాశారు. పక్కన నిలబడ్డవాళ్లు ప్రవక్త ఏలీయాను పిలుస్తున్నాడనుకోవడానికి మత్తయి రూపమే బాగా నప్పుతుంది.

గలిలయవాళ్ల యాసను యెరూషలేమువాళ్లు ఇట్టే పట్టేసేవారు. యేసు శిష్యుడు పేతురు పట్టుబడింది పలుకు వల్లనే. ఆ ప్రాంతంవాళ్లు కంఠ్య ధ్వనులను కలిపేస్తారని యూదుల ధర్మచర్చల సంకలనమైన తల్ముదులో ఒక వేళాకోళం కూడా ఉంది. ఒక గలిలయుడు ‘అమర్’ ఎవరి దగ్గరుంది అని అడిగితే, ఎక్కడానికి గాడిదా, తాగడానికి ద్రాక్షారసమా, కట్టుకోవడానికి ఉన్ని బట్టా, కోయడానికి గొర్రెపిల్లా అని ఎదురడిగారట. ఈ నాలుగూ అరామిక్‌లో దగ్గర దగ్గరగా పలికే మాటలే.

ఇది చదివి హెబ్రీ అప్పటికే చచ్చిపోయిందని రాసేవాళ్లున్నారు. అది తొందరపాటు. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన గ్రంథపు చుట్టల్లో ఎక్కువ భాగం హెబ్రీవే. క్రీ.శ. 132లో రోము మీద తిరగబడిన బర్ కోఖ్బా శిబిరం ఉత్తరాలు హెబ్రీ, అరామిక్, గ్రీకు మూడింటిలోనూ ఉన్నాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాను కూర్చిన యూదా హనాసీ ఇంటి దాసి గురించి తల్ముదు చెప్పే ముచ్చట నాకు మహా ఇష్టం. యెషయా 14వ అధ్యాయంలో ఊడ్చడానికి సంబంధించిన ఒక అరుదైన మాట పండితులకు కొరుకుడు పడలేదు. ఆ దాసి మరో పనిమనిషితో ‘చీపురు తీసుకుని ఇల్లు ఊడువు’ అంటుండగా వాళ్ల చెవిన పడింది, చిక్కు విడిపోయింది. కథ కథే కావచ్చు గానీ, ఆ భాష పనిమనుషుల నోట బతికే ఉందని చెప్పేవాళ్లు నమ్మారు. కాబట్టి అపొస్తలుల కార్యములు 22లో పౌలు ‘హెబ్రీ భాషలో’ మాట్లాడాడన్న చోట అరామిక్ అనే ఎక్కువమంది చెబుతారు గానీ, హెబ్రీ కావడానికీ వీలుంది.

ఇక మీ పని. వచనాన్ని ఉటంకిస్తే అందులో ఉన్న ‘హెబ్రీ’, ‘సిరియా భాష’ అలాగే ఉంచండి. అరాము దేశాన్ని గ్రీకులు సిరియా అన్నారు, ఆ వరుసలోనే ఈ పేరు వచ్చింది. వ్యాసకర్త సొంత వాక్యంలో మాత్రం అరామిక్ అనే రాయాలి, లేకపోతే ఈనాటి పాఠకుడు సిరియాలోని అరబ్బీ అనుకుంటాడు. హెబ్రీ, హీబ్రూ ఒకటే భాష. మొదటిది బైబిలు తెలుగు నుంచి, రెండోది ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. హెబ్రీయులు అన్న మాటతో జత కుదురుతుంది కనుక ప్రాచీన కాలానికి హెబ్రీ, నేటి ఇజ్రాయెల్ భాషకు పత్రికల్లో నలిగిన హీబ్రూ నా ఎంపిక. ఏది తీసుకున్నా సంపుటి అంతా ఒకే పద్ధతి పాటించండి. అన్నిటికంటే ముందు, అక్షరాలు కూర్చేవారు అరామిక్‌ను ‘అరబిక్’గా మార్చారేమో పేజీ పేజీ చూడండి.