కెన్యా పిల్లలిద్దరి చదువుకు నెలకు 5 వేలు సరిపోతాయా?

ప్రశ్న: నైరోబీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసి, రిటైరై హైదరాబాద్ వచ్చేశాను. వయసు 63. అక్కడ మా ఆఫీసు సెక్యూరిటీ గార్డుకు ఇద్దరు పిల్లలు. కుటుంబం మచాకోస్ దగ్గర ఉంటుంది. అమ్మాయి వచ్చే జనవరిలో పదో గ్రేడుకు వెళ్తుంది. తమ్ముడు రెండు తరగతులు కింద ఉన్నాడు. ఇద్దరినీ సెకండరీ పూర్తయ్యేదాకా చదివించాలని ఉంది. నెలకు 5 వేలు తీయగలను. ఆరోగ్య బీమా ఉంది, ఏడాది ఇంటి ఖర్చులకు డబ్బు విడిగా ఉంది. ఎలా పంపాలి? పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: మీరు తలపెట్టింది చాలా మంచి పని. మీ స్థితిలో చేయగలిగిన పనే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మధ్యలో ఆపాల్సిన పరిస్థితి వచ్చేలా మొదలుపెట్టకండి. ఫీజు బకాయి పడితే పిల్లల్ని ఇంటికి పంపేయడం అక్కడ మామూలే. అలా ఒక టర్ము పోతే, ముఖ్యంగా ఆడపిల్ల, మళ్లీ బడికి రావడం కష్టం.

డే స్కూలైనా, హాస్టల్ బడైనా, ప్రభుత్వ బడిలో బోధన ఖర్చుకు కెన్యా ప్రభుత్వం 2018 నుంచి విద్యార్థికి ఏడాదికి 22,244 షిల్లింగులు కేటాయిస్తోంది. హాస్టల్ ఉన్న బడిలో తిండి, వసతి తల్లిదండ్రుల మీదే పడతాయి. పెద్ద ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్లలో ఇది ఏడాదికి 53,554 షిల్లింగులు, మన డబ్బులో సుమారు 37 వేలు. అంతటితో అయిపోదు. చేరేటప్పుడు ఇనుప పెట్టె, తాళం, పరుపు, దుప్పట్లు, బకెట్, యూనిఫాం, బూట్లు వెంట తీసుకెళ్లాలి. అమ్మాయికి శానిటరీ ప్యాడ్లు, సెలవులకు రానూపోనూ బస్సు ఛార్జీలు కూడా ఉంటాయి. ఫీజు ఎవరో కట్టినా ఈ లిస్టు దగ్గర ఆగిపోయే పిల్లలున్నారు. అందుకే ఒక్కొక్కరికి ఏడాదికి 60 వేల రూపాయలు అనుకోండి. షిల్లింగు రేటు అటూ ఇటూ అయినా అందులో సర్దుకుంటుంది.

కెన్యా కొత్త విద్యా విధానంలో సీనియర్ స్కూలు మూడేళ్లే: 10, 11, 12 గ్రేడులు. అక్క మూడో ఏట ఉండగా తమ్ముడు చేరతాడు కాబట్టి ఇద్దరి ఖర్చూ మీద పడేది ఆ ఒక్క ఏడాదే. మొత్తం 5 ఏళ్లలో 3 లక్షల 60 వేలు కావాలి. మీ నెల పొదుపు 3 లక్షలు అవుతుంది. తక్కువ పడేది 60 వేలు.

ఇంకో చిక్కు ఉంది. మీ పొదుపు ఏడాది పొడవునా పోగవుతుంది. ఫీజులో సగం మాత్రం జనవరి టర్ముకే కట్టాలి. అందుకని ఇప్పుడే 1 లక్ష 20 వేలు విడిగా పెట్టుకోండి. ఒక 60 వేలు మొదటి ఏడాదికి, ఇంకో 60 వేలు మూడో ఏడాదికి ఎఫ్‌డీగా. మొదటి 60 వేలు చివరి ఏడాది పొదుపుతో మీ దగ్గరికే తిరిగొస్తాయి. అంత తీయలేకపోతే ప్రస్తుతానికి అమ్మాయి చదువు ఒక్కటే తీసుకోండి. అబ్బాయికి ఇప్పుడే మాటివ్వకండి.

పంపడం తేలికే. బ్యాంకులో పాన్ ఇచ్చి, విదేశాలకు డబ్బు పంపే ఫారం ఏ2 నింపి, ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద పంపొచ్చు. ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను), కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు. నెలనెలా పంపితే ఛార్జీలకే బోలెడు పోతుంది, ఏడాదికి రెండుసార్లు చాలు. స్కూలు లెటర్‌హెడ్ మీద ఫీజు వివరాలు తెప్పించుకుని నేరుగా స్కూలు ఖాతాకే వేయండి, రసీదు అడగండి. తండ్రి మీద నమ్మకం లేక కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చేతిలో ఉన్న డబ్బు అటే వెళ్తుంది, అది ఎవరి తప్పూ కాదు. పెట్టె, బట్టల డబ్బు మాత్రం ఆయనకే పంపండి.

80జి మినహాయింపు రాదు. అది మన దేశంలో ఆమోదం పొందిన సంస్థలకిచ్చే విరాళాలకే.

ఈలోగా తండ్రితో రెండు పనులు చేయించండి. కెన్యాలోని ఈక్విటీ గ్రూప్ ఫౌండేషన్ 2010 నుంచి నడుపుతున్న వింగ్స్ టు ఫ్లై స్కాలర్‌షిప్‌కు అమ్మాయి అర్హురాలేమో కనుక్కోమనండి. వాళ్ల నియోజకవర్గ నిధి నుంచి బర్సరీ (ఫీజుకు ఇచ్చే సాయం) దొరికేలా ఉంటే దరఖాస్తు పెట్టించండి. అమ్మాయికి సీటు డే స్కూల్లో వస్తే ఖర్చు బాగా తగ్గుతుంది కాబట్టి, ఏ బడో తేలాకే తండ్రికి మీ అంకె చెప్పండి.