తొలి నివేదికలో తప్పు ఎవరిదో ఎందుకు రాయరు?

విమాన ప్రమాదం జరిగిన 30 రోజులకు వచ్చిన నివేదికలో తప్పు ఎవరిదో చెప్పలేదని, ఏదో దాస్తున్నారేమోనని అడిగారు. దాచడం కాదండీ, ఆ నివేదిక పనే వేరు. అప్పటికి సేకరించిన వాస్తవాలే అందులో ఉంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం (విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాలు) ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని ఆపడమే, నింద మోపడం కాదు. శిక్ష, పరిహారం సంగతి కోర్టులు విడిగా చూస్తాయి. ఓడల దర్యాప్తుకూ 2010 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమావళి ఇదే మాట చెబుతుంది. రైళ్లకు మాత్రం ప్రపంచమంతటికీ ఒకే నియమం లేదు, ఏ దేశం పద్ధతి దానిదే.

తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలి. రాకపోతే ఏటా ప్రమాదం జరిగిన తేదీన మధ్యంతర ప్రకటన ఇవ్వాలి. ఈలోగా మీరు వెతకాల్సింది ఆ ప్రకటన కోసం. తుది నివేదిక చేతికందాక నేరుగా ‘కారణాలు’ పేజీకి వెళ్లకండి (నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి). ముందు బ్లాక్ బాక్స్ సమాచారం చదవండి. పేరుకు బ్లాకే గానీ రంగు నారింజ! తర్వాత సిఫార్సులు చూడండి. ఏ లోపం బయటపడిందో అక్కడే స్పష్టంగా తెలుస్తుంది.