రాక్ షో చూసొచ్చాక చెవిలో గుయ్‌మంటోంది.. వారం ఆగి చూడొచ్చా?

ప్రశ్న: నా వయసు 27. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇండీ రాక్ బ్యాండ్లంటే పిచ్చి, ఎక్కడ లైవ్ షో ఉన్నా వెళ్తుంటాను. మొన్న శనివారం నగర శివార్లలో జరిగిన ఓపెన్ ఎయిర్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదింటిదాకా ముందు వరసలోనే ఉన్నాను. స్పీకర్లు నా ఎడమ పక్కనే ఉన్నాయి. ఇంటికొచ్చాక రెండు చెవులూ గుయ్‌మన్నాయి. ఇదివరకూ ఇలా అయ్యేది, పొద్దుటికి తగ్గిపోయేది. ఈసారి మూడు రోజులైంది. కుడి చెవి సర్దుకుంది కానీ ఎడమ చెవిలో మోత అలాగే ఉంది, మూసుకుపోయినట్టు కూడా ఉంది. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే మాట సరిగా తెలియడం లేదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తానని అమ్మ అంటోంది. వారం ఆగితే అదే పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇక షోలు మానేయాల్సిందేనా? వచ్చే నెల ఇంకో ఫెస్టివల్‌కి టికెట్లు కొన్నాం. ఆరేళ్ల మా అక్క కొడుకు కూడా వస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వారం ఆగొద్దు. ఈ జవాబు తర్వాతైనా చదువుకోవచ్చు, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. వీలైతే ఇవాళే. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించింది చెవిలో మోత కాదు. ఎడమ చెవి మూసుకుపోయినట్టుందనీ, ఆ చెవికి ఫోన్‌లో మాట తెలియడం లేదనీ రాశారే, అదీ.

పెద్ద శబ్దం విన్నాక రెండు చెవులూ ఒకేలా గుయ్‌మని, ఒకటి రెండు రోజుల్లో సర్దుకోవడం మేం తరచూ చూసేదే. కానీ ఒక చెవికే వినికిడి తగ్గి, మూడు రోజులైనా తేరుకోలేదంటే లెక్క మారిపోతుంది. స్పీకర్ల వైపున్న చెవికి దెబ్బ గట్టిగా తగిలి ఉండొచ్చు. లేదంటే, శబ్దంతో నిమిత్తం లేకుండా కొందరికి లోపలి చెవిలో హఠాత్తుగా వచ్చే వినికిడి లోపం కావచ్చు. ఈ రెండోదాన్ని మేం ఎమర్జెన్సీగానే చూస్తాం. స్టెరాయిడ్ చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. మొదటి రెండు వారాలు దాటాక ఆ అవకాశం బాగా పడిపోతుంది. చాలామంది గులిమే కదా అనుకుని ఆ రెండు వారాలూ చుక్కల మందులతో గడిపేసి, ఆ తర్వాత మా దగ్గరికి వస్తారు.

నిజంగానే అది గులిమి కావచ్చు కూడా. గులిమి అడ్డుపడినా, జలుబు చేసి ముక్కుకీ చెవికీ మధ్య గొట్టం మూసుకుపోయినా, లోపల నరం వైపు దెబ్బ తగిలినా మనిషికి తెలిసేది ఒకటే, చెవి దిమ్మెక్కినట్టు ఉండటం. ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని ‘ఊఁ’ అని గొంతులోనే కూనిరాగం తీయండి. ఆ శబ్దం మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉండొచ్చు. బాగున్న చెవివైపు వెళ్లిపోతే నరం వైపు అనుమానించాలి. ట్యూనింగ్ ఫోర్క్ నుదుటి మీద ఆనించి మేం చూసేదీ దాదాపు ఇదే. అయితే ఇది అంచనా మాత్రమే. శబ్దం ఎటు వినిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లడం తప్పదు.

మీకు దగ్గర్లో ఏ ఈఎన్‌టీ క్లినిక్ అయినా సరే, అక్కడ ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉండనే ఉంది. ముందు చెవిలోకి లైటు వేసి చూస్తారు. ఆ తర్వాత శబ్దాలు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, ఒక్కో స్థాయి శబ్దం వినిపిస్తూ గ్రాఫ్ గీస్తారు. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవి అయితే ఆ గ్రాఫ్‌లో 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర, ఒక గుంట కనిపిస్తుంది. స, శ లాంటి అక్షరాల శబ్దం ఎక్కువగా ఉండేది పై స్థాయిల్లోనే, అంటే సన్నటి కీచు శబ్దాలుండే చోటే. అందుకే ఇలాంటివాళ్లు ‘మాట వినబడుతోంది డాక్టర్‌గారూ, ఏమన్నారో మాత్రం తెలియట్లేదు’ అంటుంటారు. ఫోన్ గురించి మీరు రాసిందీ అలాంటిదేనేమో పరీక్షలో తేలుతుంది. తేలేదాకా చెవిలో ఏమీ పోయకండి. నూనె లోపలి చెవిదాకా వెళ్లదు. కర్ణభేరికి ఎక్కడైనా చిల్లు ఉంటే ఇన్ఫెక్షన్ మాత్రం తెచ్చిపెడుతుంది. ఫ్రెండ్స్ దగ్గర మిగిలిన స్టెరాయిడ్ బిళ్లలు కూడా వద్దు. ఏ మోతాదులో ఎన్నాళ్లు వాడాలన్నది మీ షుగర్, బీపీ చూసి తేల్చాల్సిన విషయం. మోత తగ్గిస్తాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే జింకో (ఒక చెట్టు ఆకుల సారం) బిళ్లలు, జింక్ బిళ్లల మీద డబ్బు తగలేయకండి. అవి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవు.

అసలు లోపల ఏం జరుగుతుందంటే.. ఒక్కో చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో దాదాపు 15 వేల రోమ కణాలుంటాయి. శబ్దాన్ని నరం అందుకోగలిగే సంకేతంగా మార్చేది అవే. ఈదురుగాలికి వరిచేను పడిపోయినట్టు, పెద్ద శబ్దానికి వాటి వెంట్రుకలు వాలిపోతాయి. కొన్ని తిరిగి లేస్తాయి, కొన్ని లేవవు. చచ్చిపోయిన కణాల చోట మనుషుల్లో కొత్తవి పుట్టవు. చెవి నుంచి రావాల్సిన సంకేతం తగ్గేసరికి మెదడు తనంతట తానే వాల్యూమ్ పెంచుకుంటుంది. బయట ఏ శబ్దమూ లేకపోయినా మీకు వినిపిస్తున్న గుయ్ అందులోంచి వచ్చేదే అని ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు భావిస్తున్నారు.

‘ఇదివరకూ పొద్దుటికి తగ్గిపోయేది’ అన్నారు చూడండి, అక్కడే అందరూ మోసపోయేది. తగ్గింది కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. 2009లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకలకు రెండు గంటలపాటు 100 డెసిబెల్స్ శబ్దం వినిపించి చూశారు. వాటి వినికిడి కొన్నాళ్లకు మామూలైపోయింది. గ్రాఫులో తేడా లేదు. కానీ లోపల రోమ కణాలకూ నరానికీ మధ్య అతుకుల్లో, కొన్ని చోట్ల సగందాకా, శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న దానిపై ఇంకా పరిశోధన నడుస్తోంది. అయినా గ్రాఫు నిక్షేపంగా ఉండి, నలుగురు మాట్లాడుకునే చోట మాత్రం ఒక్క ముక్కా అర్థం కాని పడుచువాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఎలుకలే గుర్తొస్తాయి.

ఇక మీ ఐదు గంటల లెక్క చూద్దాం. ఫ్యాక్టరీ కార్మికుల కోసం అమెరికా సంస్థ నియోష్ వేసిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలదాకా ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే పావుగంట. స్టేజీ స్పీకర్ల పక్కన వంద దాటడం మామూలే. అంటే మొదటి బ్యాండ్ తన పాటలు ముగించేలోపే మీ ఆ రోజు కోటా అయిపోయిందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేడుకల కోసమే ఒక ప్రమాణం విడుదల చేసింది. పావుగంట సగటున శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని, వచ్చినవాళ్లకు ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలని, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి కేటాయించాలని అందులో ఉంది.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. అది 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. రాత్రి పదింటికి షో కట్టేసేది వాటి వల్లే. కానీ ఆ నిబంధనల్లో 75 డెసిబెల్స్‌కి మించొద్దన్నది మైదానం సరిహద్దు దగ్గర. చుట్టుపక్కల ఇళ్లలో నిద్రపోయేవాళ్ల కోసం పెట్టినది అది. టికెట్ కొని లోపల నిలబడ్డవాళ్ల చెవుల సంగతి వాళ్లే చూసుకోవాలి.

అంతమాత్రాన షోలు మానేయమని నేను చెప్పను. బతుకంతా పాటలకు దూరంగా ఉండమంటే ఎవరూ ఉండరు, ఉండాల్సిన అవసరమూ లేదు. తారామతి బారాదరిలో మెట్ల మీద కూర్చుని బ్యాండ్ వినడం, గచ్చిబౌలిలో వేలమందితో కలిసి పాడటం మనసుకు మంచే చేస్తాయి. ఇంకోమాట. రాక్ మ్యూజిక్ అనగానే తిట్టే పెద్దవాళ్లే పెళ్లి బరాత్‌లో డీజే బండి పక్కన గంటలకొద్దీ నడుస్తారు. గిటారా, తీన్మారా అని చెవి చూడదు. ఎంత శబ్దం, ఎంతసేపు, అంతే.

కాబట్టి మార్చుకోవాల్సింది నిలబడే చోటు, ఉండే సమయం. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద స్టేజీలకు వేలాడదీసే స్పీకర్ల వరసలతో అంత తగ్గకపోవచ్చు. అయినా తగ్గిన ప్రతి 3 డెసిబెల్స్‌కీ మీకు దొరికే టైమ్ రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీర్ కన్సోల్ పెట్టుకుని కూర్చుంటాడు కదా, దాని వెనక నిలబడండి. అతను తన చెవులకు బాగుండేలా మిక్స్ చేస్తాడు కనుక పాట స్పష్టంగా వినిపించేది అక్కడే. ముందు వరసలో వినిపించేది సగం డ్రమ్సే. గంటకోసారి ఫుడ్ స్టాళ్ల వైపు వెళ్లి ఓ పావుగంట గడపండి. జూబ్లీహిల్స్, మాదాపూర్ పబ్బుల్లో చిన్న బ్యాండ్లు వాయించే షోలతో ఇంకా జాగ్రత్త. నాలుగు గోడల మధ్య శబ్దం పోయే దారి ఉండదు, వెనక్కి వెళ్దామన్నా చోటుండదు. మైకు లేని డ్రమ్సెట్ ఒక్కటే అలాంటి గదిలో వంద డెసిబెల్స్ దాటించగలదు.

ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే పాట చచ్చిపోతుందని మీలాంటి కుర్రాళ్లు గొడవ పెడతారు. మెడికల్ షాపుల్లో చవగ్గా దొరికే ఫోమ్ ప్లగ్‌ల విషయంలో అది కొంత నిజమే. అవి పై స్థాయి శబ్దాలను ఎక్కువగా మింగేస్తాయి, పాట దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. సంగీతం కోసమే ఫిల్టర్ పెట్టి చేసినవి వేరే ఉన్నాయి. అవి అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి, కాబట్టి పాట పాటలాగే ఉంటుంది. ఖరీదు ఎక్కువే, కానీ మీరు వెళ్లే షోల టికెట్లతో పోలిస్తే ఎక్కువేం కాదు. ఫోమ్‌వే వాడితే సరిగా పెట్టుకోండి. వేళ్ల మధ్య సన్నగా చుట్టి, రెండో చేత్తో తల మీదుగా చెవి పైభాగాన్ని పట్టుకుని పైకి, వెనక్కి లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేదాకా అర నిమిషం అదిమి ఉంచాలి. ఊరికే తగిలిస్తే ఉపయోగం లేదు. దూది, టిష్యూ పేపర్ దండగ. స్టేజీ మీద గాయకుల చెవుల్లో ఉండేవి బయటి హోరును అడ్డుకుని తమకు కావలసినంత శబ్దమే వినడానికి పెట్టుకునేవి. ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్, కోల్డ్‌ప్లే బ్యాండ్ గాయకుడు క్రిస్ మార్టిన్ ఇద్దరూ తమకు టినిటస్, అంటే ఈ చెవిలో మోతే, ఉందని బాహాటంగా చెప్పుకున్నవాళ్లు.

వచ్చే నెల సంగతి మీ ఆడియోగ్రామ్, అంటే ఆ వినికిడి గ్రాఫే, చెబుతుంది. మోత పూర్తిగా తగ్గి, గ్రాఫు మామూలుగా ఉంటే ప్లగ్‌లు పెట్టుకుని వెళ్లండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ టికెట్ ఎవరికైనా ఇచ్చేయండి. ఈలోపు జిమ్‌లో పాటలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోవడం ఆపండి. అలాగని పూర్తి నిశ్శబ్దంలోనూ ఉండొద్దు, మోత ఇంకా పెద్దగా తెలుస్తుంది. రాత్రి ఫ్యాన్ చప్పుడో, సన్నగా వాన శబ్దమో ఉంటే నిద్ర పడుతుంది. తలనొప్పికి వాడే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి మోతాదు మించితే మోతను పెంచగలవు, డాక్టర్‌ను అడక్కుండా వేసుకోకండి. తల తిరిగినా, వాంతులైనా, మూతి ఓ పక్కకు లాగినట్టున్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. షోలో నీళ్లు తాగుతుండటం, మందు తాగితే బండి నడపకపోవడం లాంటివి మీకు తెలిసినవే.

మీ అక్క కొడుకు విషయం. ఆరేళ్ల పిల్లాడి చెవిరంధ్రం చిన్నది, పెద్దవాళ్ల ప్లగ్‌లు సరిపోవు, పెట్టినా పీకేసుకుంటాడు. పిల్లల సైజు ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి, చెవి మొత్తాన్ని కప్పేవి. ముందు ఇంట్లో ఓ గంట పెట్టి చూడండి. ఉంచుకుంటే తీసుకెళ్లండి, వెనకవైపే ఉండండి, భుజాల మీద ఎక్కించుకుని స్టేజీ దగ్గరికి వెళ్లొద్దు, రెండు బ్యాండ్లు చూశాక ఇంటికి తెచ్చేయండి. పెట్టుకోనని మారాం చేస్తే ఈసారికి వాడి టికెట్ రద్దు చేసుకోవడమే మంచిది.