ఇన్ఫోసిస్ లాంటి సాఫ్ట్‌వేర్ షేరు ధరను పెద్ద ఫండ్లు ఎలా కదిలిస్తాయి?

పెద్ద ఫండ్లు ఒకేసారి భారీగా అమ్మితే ఆ ధరకు కొనేవాళ్లు సరిపడా దొరకరు, అందుకే షేరు పడుతుంది. కొన్నప్పుడు ఇదే తిరగబడుతుంది. ఇన్ఫోసిస్‌లో ప్రమోటర్ల (కంపెనీ స్థాపకులు, వాళ్ల కుటుంబాల) వాటా సుమారు 15 శాతమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం విదేశీ ఫండ్లు, ఎల్‌ఐసీ, మ్యూచువల్ ఫండ్ల చేతిలోనే ఉంది. 2023 ఏప్రిల్‌లో కంపెనీ రాబోయే ఏడాది ఆదాయం 4 నుంచి 7 శాతమే పెరుగుతుందని చెప్పింది, మార్కెట్ అంతకంటే ఎక్కువ ఆశించింది, దాంతో 17న ఒక్కరోజులోనే షేరు 9 శాతానికి పైగా పడింది. కంపెనీకి లాభం వచ్చింది, అయినా సరే.

ఎఫ్‌ఐఐలు, అంటే విదేశీ ఫండ్లు, అమ్ముతున్నారంటే కంపెనీ పనైపోయిందనుకుని చాలామంది టెన్షన్ పడతారు, అది తప్పు. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయనో, రూపాయి పడుతోందనో కూడా అమ్ముతుంటారు, ఆ షేర్లను చాలాసార్లు మన మ్యూచువల్ ఫండ్లే కొంటాయి.