మిద్దె మీద నుంచి 5 కిలోమీటర్ల అవతలి చీనీ తోటను డ్రోన్‌తో చూసుకోవచ్చా?

అడిగింది ఇది: అనంతపురంలో ఇంటి మిద్దె మీద నుంచి డ్రోన్ లేపి, బుక్కరాయసముద్రం వైపు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న 8 ఎకరాల చీనీ (బత్తాయి) తోట చూసుకోవాలంటే ఎంత రేంజ్ ఉన్నది కొనాలి?

రేంజ్ సంగతి తర్వాత, ముందు గాలి లెక్క వేసుకోండి. అట్టపెట్టె మీద వేసే 10 కిలోమీటర్లు సిగ్నల్ అందే దూరం, అదీ మధ్యలో ఏ అడ్డూ లేకుంటే. పోయి తిరిగొచ్చే దూరం అది కానే కాదు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పకుండా అంటగట్టడం చాలా అన్యాయం.

జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి పడమటి నుంచి తోస్తుంది. మీ తోట తూర్పున ఉంది. డ్రోన్ వేగం సెకనుకు 10 మీటర్లు, గాలి 6 మీటర్లు అనుకోండి. పోయేటప్పుడు గాలి తోస్తుంది కాబట్టి 16 మీటర్ల లెక్కన ఐదు నిమిషాల్లో తోట మీద ఉంటుంది. స్క్రీన్ మీద బ్యాటరీ ఇంకా 78 శాతం. ధైర్యం వచ్చి మూడు నిమిషాలు చెట్ల మీద తిప్పుతారు. వెనక్కి తిప్పాక వేగం 4 మీటర్లే. పది నిమిషాలు లాగినా 2400 మీటర్లే వస్తుంది. పెట్టె మీద 31 నిమిషాలని ఉన్నా ఈ గాలిలో నిలిచేది 24 నిమిషాలు, కాబట్టి అప్పటికి మిగిలేది 24 శాతం. దాంతో ఇంకో 1400 మీటర్లు వస్తుంది, ఇల్లు 2600 మీటర్ల దూరంలో ఉంది. బ్యాటరీ మరీ పడిపోతే డ్రోన్ ఎక్కడుంటే అక్కడే దిగుతుంది. మీ దారిలో చెరువుంది.

అట్లాంటప్పుడు తీగలు లేని చోట చూసుకుని 30 మీటర్లకు దించండి, కింద గాలి తక్కువ. అయినా రాదనిపిస్తే చెరువుకు ఇవతలే ఏదో ఒక చేనులో మీరే దించేయండి. స్పోర్ట్ మోడ్‌లో వేగం పెరుగుతుంది గానీ చాలా వాటిలో అడ్డం చూసే సెన్సర్లు ఆగిపోతాయి. సెన్సర్లు పనిచేస్తున్నా సన్నటి కరెంటు తీగ వాటికి కనపడదు. డ్రోన్ తనంతట తానే తిరిగొచ్చే ఎత్తు (రిటర్న్ ఎత్తు) 40 మీటర్లు పెట్టారంటే అది మీ మిద్దె నుంచి లెక్క, అక్కడి నేల నుంచి కాదు. మధ్యలో గుట్టో, హైటెన్షన్ టవరో ఉంటే నేరుగా దానికే కొట్టుకుంటుంది.

ఇంకొకటి, కంటి చూపు దాటించి ఎగరేయడం మామూలు అనుమతుల కిందికి రాదు. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో. సొంత పనికైతే ఈ రెండింటికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. జోన్ ఏదో కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి.

అసలు 8 ఎకరాలంటే దాదాపు 180 మీటర్ల చదరం. తోట నడుమ నిలబడితే ఏ మూలైనా 130 మీటర్లు దాటదు. చిన్న నానో డ్రోన్ చాలు, తోట దగ్గరే లేపాలి. మీరు పోలేకపోతే తోట చూసే మనిషికి నేర్పించండి. ప్రతిసారీ అవే ఐదు చోట్ల, అదే ఎత్తులో ఫొటో తీయమనండి, పోయిన వారం ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఎత్తు 30 మీటర్లు ఉండాలి. 12 మెగాపిక్సెల్ కెమెరాకు అక్కడ ఒక పిక్సెల్ 1.1 సెంటీమీటర్లు, 16 ఎంఎం డ్రిప్ పైపు గీతలా కనపడుతుంది. 100 మీటర్ల నుంచి పిక్సెల్ 3.7 సెంటీమీటర్లు, పైపు మాయం. డ్రిప్ వదిలిన గంటకు తీస్తే పైపు పగిలిన చోట ఎర్రనేల నల్లగా తడిసి ఉంటుంది, పసుపు తిరిగిన చెట్టూ దొరుకుతుంది.

పొద్దున 6 నుంచి ఎనిమిదిన్నర లోపే ఎగరేయాలి. ఈ డ్రోన్లలో చాలావాటికి 40 డిగ్రీలే హద్దు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అది దాటిపోతుంది. దించిన బ్యాటరీ చల్లారాకే చార్జింగ్ పెట్టాలి, వారాలు వాడకుంటే 50, 60 శాతం మీద ఉంచాలి. ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి లేపొద్దు, ఇనుముకు కంపాస్ తప్పుతుంది. నేల మీద పట్ట పరిచి లేపితే దుమ్ము మోటార్లలోకి పోదు.

గట్టు తగాదాకు మాత్రం ఈ ఫొటోలు చూపించొద్దు. మామూలు డ్రోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు జీపీఎస్ తప్పును సరిదిద్దే సీఓఆర్ఎస్ స్టేషన్లు, నేల మీద హద్దులు కొలిచే రోవర్లు వాడింది అందుకే. బోరు కేబుల్ దొంగల భయమే అయితే స్టార్టర్ పెట్టె దగ్గర సిమ్ వేసే సోలార్ కెమెరా పెట్టండి, అది రాత్రంతా చూస్తుంది. పక్క చేనోళ్లకు ఎగరేసే రోజు ముందే చెప్పండి, వాళ్ల ఇంటి వాకిలి మీదికి పోనీయొద్దు.